దిమౌనాహన్ వారి ఆడపడుచు

మొన్న ఆషాఢంలో ఆవిడ పోయింది. పొయ్యి మీద పప్పు పెట్టి, వసారాలోకి వచ్చి, గుండె పట్టుకుని కూర్చుందట. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయిందన్నారు డాక్టరుగారు. నేను బడి నుంచి వచ్చేసరికి వీధి వీధంతా వాళ్ళ గుమ్మంలో ఉంది. నన్ను చూసి అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. కొత్తపేటలో మా వీధి మొత్తానికి ఇంగ్లీషు టీచర్ని నేనొక్కదాన్నే. వాళ్ళవాళ్ళకి కబురు చెప్పవలసింది నేనే.

"మీరే చెప్పాలండి టీచరుగారూ," అన్నారు మామ్మగారు, ఆవిడ అత్తగారు. "వాళ్ళకి కూయా అని ఒకాయనున్నారండి. ప్రతీ ఆదివారం కూయా, కూయా అని మాట్లాడేది ఫోన్లో."

కూయా అంటే వాళ్ళ భాషలో అన్నయ్య. పేరు కాదు. ఆ సంగతి ఆవిడే ఎప్పుడో నాతో చెప్పింది. మామ్మగారికి అది చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆవిడది ఫిలిప్పీన్స్ దేశం. మామ్మగారి కొడుకు కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉండేవాడు. అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఆవిడ ఉండేది. అక్కడ ఒకరినొకరు ఇష్టపడి, ఇక్కడికి వచ్చి పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు కలగలేదు. కరోనాలో ఆయన పోయాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే. వీధిలో పిల్లలు ఆవిడని 'పిలిప్పీను పిన్నిగారు' అనేవాళ్ళు. పెద్దవాళ్ళ నోట కూడా అదే పేరు నిలిచిపోయింది. చర్చిలో పెట్టిన పేరొకటి, పెళ్ళికి మామ్మగారు పెట్టిన పేరొకటి ఉండేవి కాని ఆవిడ ఇది నాది అని పట్టుబట్టి చెప్పుకున్నది ఆ రెండూ కాదు. ఇంటిపేరు.

ఆవిడ ఫోను తెరవడానికి గీత గీయాలి. ఏ గీతో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ ఆవిడే చేసేది తప్ప, అటునుంచి ఫోను వచ్చేది కాదు. సెంటర్లో సెల్‌ఫోన్ల దుకాణానికి పట్టుకెళితే, "తెరవగలనండి, కాని లోపల ఉన్నవన్నీ పోతాయండి," అన్నాడు ఆయన. పాత పాస్‌పోర్టులో రాసి ఉన్న నంబరుకి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. ఇక నా దగ్గర మిగిలింది ఆ ఇంటిపేరు ఒక్కటే.

ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున్న మామ్మగారు కళ్ళు తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు.

"టీచరుగారండీ, ఒక్కసారి రండి. నా కోడలు నన్ను పొమ్మంటోందండి."

"ఏం జరిగిందండీ?"

"ఏమీ జరగలేదండి. కాఫీ తాగుతావా అమ్మా అని చేత్తో అడిగేను. పో అంది. కూర్చోమన్నాను. పో అంది. ఏం మాట్లాడినా చివర్న పో అంటోందండి. మళ్ళీ మొహం చూస్తే నవ్వుతూనే ఉంటుంది."

వెళ్ళాను. వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది, పొట్టిగా, పసిపిల్లలాంటి గుండ్రటి మొహం. ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ ఇంగ్లీషు వేరు, నా ఇంగ్లీషు వేరు. కాసేపు ఇద్దరం తడుముకున్నాక తేలిన సంగతి ఇది. వాళ్ళ భాషలో పెద్దవాళ్ళతో మాట్లాడితే ప్రతి మాటకీ 'పో' చేర్చాలి. చేర్చకపోతే పెంపకం సరిగా లేదంటారు. "మీరు పొద్దస్తమానం అండీ అండీ అంటారు కదా, మా అండీ అది," అంది.

మామ్మగారికి చెప్పాను. ఆవిడ అక్కడే పీట మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. తరవాత తెలుగులో 'పో' అంటే ఏమిటో కోడలికి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు. వచ్చిన దగ్గరనుంచీ అత్తగారికి తను ఏం చెబుతోందో లెక్కవేసుకున్నట్టుంది. గబగబా వెళ్ళి మామ్మగారి చెయ్యి అందుకుని, వంగి, ఆ చేతి వెనకవైపు తన నుదుటికి ఆనించుకుంది. అది వాళ్ళ నమస్కారం.

మామ్మగారు కంగారుపడి నావైపు తిరిగారు. "జ్వరమేమో చూడమంటోందాండి?"

ఆ రోజుతో 'పో' పోయి 'అండీ' వచ్చింది. కూరల బండి ఆవిడకీ అండీ, గేటులోంచి లోపలికి వచ్చేసిన ఆవుకీ అండీ. "వెళ్ళండి ఆవుగారూ," అనడం నేను చెవులారా విన్నాను. అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం మళ్ళీ వాక్యానికొక పో. పక్కనే కూర్చుని వినే మామ్మగారు, "పాపం, వాళ్ళమ్మనీ పొమ్మంటోంది," అని మాతో నవ్వేవారు.

దారి చూపించడానికి ఆవిడ చెయ్యి ఎత్తేది కాదు. పెదాలు ముందుకు చాపి అటు చూపించేది. అంబాజీపేట ఎటండీ అని అడిగిన లారీ డ్రైవరుకి ఒకసారి అలాగే చూపిస్తే, అతను తెల్లబోయి బండి దిగబోయాడు. మామ్మగారు అడ్డం వెళ్ళి, "అది వాళ్ళ దేశపు వేలు బాబూ," అని సర్దిచెప్పారు. అవును అనడానికి కనుబొమలు పైకెత్తేది. మా వైపు 'ఆయ్' నేర్చుకున్నాక రెండూ కలిపేసింది. కనుబొమలు ఎగరేసి, ఆయ్.

కొబ్బరి కోరి వెయ్యని కూర ఆవిడ చేతిలో ఉండేది కాదు. "విమానం, రైలు, బస్సు ఎక్కి ఎక్కి ఇంత దూరం వచ్చి చూస్తే మళ్ళీ మా ఊళ్ళోనే దిగేనండి," అనేది మా తోటలు చూసి. పుల్ల మామిడికాయ ముక్కలు ఎండురొయ్యల పొడిలో అద్దుకుని తింటుంటే మొదట్లో వింతగా చూసినవాళ్ళు, తరవాత తరవాత ఆ పొడి కోసం గిన్నె పట్టుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

కుళాయి దగ్గరైనా, ఆటో దగ్గరైనా, రేషను వరసలోనైనా, "మీరు ముందండీ," అనేది. వెనక వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయేవాళ్ళు. ఆవిడ బిందె ఎప్పుడూ ఆఖర్నే నిండేది.

ఒకసారి ఇంటింటి వివరాలు రాసుకునే అమ్మాయి వచ్చింది. నేను వాళ్ళ వసారాలోనే ఉన్నాను. "మీ ఇంటిపేరేంటండీ?" అని అడిగింది.

"దిమౌనాహన్ అండీ."

"అది కాదండి. మీ ఆయనగారి ఇంటిపేరు."

"అది ఆయనదండీ. నాది ఇది."

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను మామ్మగారి వైపు చూశాను. "పెళ్ళయ్యేక మాదేనమ్మా, మాదే రాసుకో," అన్నారు మామ్మగారు. రాసుకుని వెళ్ళిపోయింది. పెళ్ళితో నా ఇంటిపేరు కూడా మారింది. అప్పుడు నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందుకేనేమో, ఆ పేరుకి అర్థం ఏమిటని ఆ పూట ఆవిడని అడిగాను.

"ఎవరూ దాటి ముందుకెళ్ళలేనివాళ్ళు అనండీ," అంది.

బిందె గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. "నువ్వు రోజూ కుళాయి దగ్గర వంశం పేరు చెడగొడుతున్నావు," అన్నాను. ఆవిడ కూడా చాలాసేపు నవ్వింది. నవ్వాక చెప్పింది.

వాళ్ళ దేశాన్ని స్పెయిన్ దొరలు ఏలిన రోజుల్లో, పన్నులు వసూలు చెయ్యడానికి ఎవరు ఎవరో తెలియక, అందరికీ ఇంటిపేర్లు పంచారట. ఊరికి కొన్ని కాగితాల చొప్పున పేర్లు రాసి పంపితే, వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒక్కొక్కటి తీసుకున్నారట. అందుకని కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ అందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయట. దేశంలో సగం మందికి పరాయివాళ్ళ భాషలో పేర్లు. తాతముత్తాతల నుంచి వస్తున్న సొంత పేరు ఉన్నవాళ్ళని మాత్రం అదే ఉంచుకోనిచ్చారు. అలా మిగిలిన కొద్ది పేర్లలో వీళ్ళది ఒకటి. అంటే మా మూలపురుషుడు గుర్రప్పందాల్లో ఎవరికీ అందేవాడు కాదు, అని వాళ్ళ నాన్న అనేవాడట. వాళ్ళమ్మ ఒప్పుకునేది కాదట. పేర్లు పంచిన రోజున అందరికంటే ఆఖర్న వచ్చి నిలబడ్డాడనీ, గుమాస్తా వెటకారానికి ఆ పేరు పెట్టాడనీ అమ్మ చెప్పేదట.

"నువ్వేది నమ్ముతావు?"

"అమ్మ చెప్పిందేనండీ," అంది, కుళాయికి బయల్దేరి వసారాలో బిందె ఎత్తుతూ.

ఒక సరస్సు పక్కన రెండు మూడు ఊళ్ళు. ఆ పేరు అక్కడ తప్ప ఉండేది కాదట. ఇప్పుడు ఊళ్ళలో ఉన్నవాళ్ళ కంటే బయట ఉన్నవాళ్ళే ఎక్కువని చెప్పేది. ఓడల మీద కొందరు, ఆస్పత్రుల్లో కొందరు, అరబ్బుల ఇళ్ళల్లో కొందరు. మా రాజోలు, అమలాపురం వైపు ఊళ్ళ సంగతి చెబుతున్నట్టే ఉండేది నాకు. టీవీలో ఎక్కడైనా ఓడ మునిగిందన్నా, ఆస్పత్రి కాలిందన్నా, చేతిలో పని వదిలేసి వచ్చి పేర్లు చెబుతారేమోనని నిలబడేది. "ఆ పేరు ఎక్కడ కనిపించినా మావాళ్ళేనండీ. ఇంకొకళ్ళది అవడానికి లేదు."

ఏ ఇంటిపేరు ఏ దేశంలో ఎంతమందికి ఉందో చూపించే సైటు ఒకటి ఆవిడకి దొరికింది. ఆ పేరువాళ్ళున్న దేశాలకి రంగు వేసి ఉంటుంది. ఒక సాయంత్రం ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సౌదీకి రంగుంది, కెనడాకి ఉంది, ఎక్కడో నార్వేకి కూడా ఉంది. ఇండియా తెల్లగా ఉంది.

"నేను లేనటండీ ఇక్కడ," అంది.

"వాళ్ళకి తెలియదు కదా నీ సంగతి."

"మీరు రాయండీ. ఒకళ్ళున్నారు, కొత్తపేటలో, అని రాయండి."

రాశాను. చక్కటి ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా. జవాబు రాలేదు. కొన్నాళ్ళు రోజూ అడిగింది. తరవాత అడగడం మానేసింది.

భర్త పోయిన రెండేళ్ళకి వాళ్ళ నాన్న పోయారు. వెళ్ళడానికి వీల్లేకపోయింది. పాస్‌పోర్టు గడువు ఎప్పుడో దాటింది. ఇక్కడ ఉండటానికి ఇచ్చిన కాగితం భర్త పేరు మీద ఉంది. నేను సెలవు పెట్టి ఆవిడని వెంటబెట్టుకుని అమలాపురంలో ఒక ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఉన్నాయన మంచివాడు. మా ఇద్దరికీ కుర్చీలు వేయించి, కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"మేడమ్, పాస్‌పోర్టు వాళ్ళ ఎంబసీ ఇవ్వాలండి. ఢిల్లీకి మనిషే వెళ్ళాలి. అది వచ్చేక, ఇన్నాళ్ళు కాగితం లేకుండా ఉన్నందుకు జరిమానా కట్టి, ఇక్కణ్ణించి బయటికి వెళ్ళడానికి అనుమతి తీసుకోవాలండి."

ఆవిడ అప్పుడు తెలుగులో అడిగింది. "వెళితే మళ్ళీ రానిస్తారాండీ?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అది చెప్పలేనమ్మా. మీ ఆయన ఉంటే వేరు. ఇప్పుడు ఏ కారణం మీద రానిస్తారో నాకు తెలీదు. నా చేతిలో ఉన్నది కాదు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కొత్తపేట దగ్గర పడుతుండగా, "అక్కడ మా అమ్మకి కూయా ఉన్నాడండీ. ఇక్కడ అత్తయ్యగారికి ఎవరున్నారండీ?" అంది. నేను జవాబు చెప్పాలని అడిగినట్టు లేదు. వాళ్ళ నాన్నని సాగనంపడం ఫోన్లోనే చూసింది. మామ్మగారు పక్కన కూర్చుని, అక్కడ ప్రార్థనలో ఏం చదువుతున్నారో ఏమీ తెలియకపోయినా చివరిదాకా చేతులు జోడించుకునే ఉన్నారు. ఆ తరవాత ఢిల్లీ మాట నేను రెండు మూడు సార్లు ఎత్తాను. కనుబొమలు ఎగరేసి, ఆయ్ అనేది. అంతకుమించి కదిలేది కాదు.

పోయిన రోజు సాయంత్రం చీకటి పడకముందే తీసుకెళ్ళాలని తొందరపడుతున్నారు. నేను మామ్మగారి పక్కన కూర్చున్నాను.

"మామ్మగారండీ, వాళ్ళల్లో మట్టిలో పెడతారండి," అన్నాను మెల్లిగా.

"తెలుసండి," అన్నారు. "నా కొడుకు వెళ్ళిన చోటికే దీన్నీ పంపుతానండి. ఒక్కత్తినీ ఇంకెక్కడో పెట్టి రమ్మంటారా?"

వీధిలో ఎవరూ తప్పుగా ఆలోచించడం లేదు. కోడల్ని కోడలిగానే సాగనంపుతున్నారు. మామ్మగారే లేచి, తలగడ కింద ఉండే ప్రార్థన పూసల దండ తెచ్చి ఆవిడ కుడిచేతికి చుట్టారు. మరిది వరసయ్యే అబ్బాయి తలకొరివి పెట్టాడు.

మర్నాడు ఫేస్‌బుక్‌లో ఆ ఇంటిపేరు కొట్టాను. వరసగా మొహాలు వచ్చాయి. ఓడ మీద టోపీ పెట్టుకున్నాయన, నర్సు బట్టల్లో ఒక అమ్మాయి, మంచులో పిల్లల్ని ఎత్తుకున్న మొగుడూ పెళ్ళాలూ. అందరివీ ఆవిడ కనుబొమలే అనిపించింది నాకు. అందరికీ ఒకే మాట రాశాను. నేను ఇండియాలో ఒక టీచర్ని, మీ ఇంటి ఆడపడుచు ఒకామె మా వీధిలో ఉండేది, ఆవిడ అన్నగారు నాకు కావాలి. పోయిందని మాత్రం రాయలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళ చేతికి ఆ కబురు ఎలా ఇస్తాను.

చాలామంది చూడలేదు. చూసినవాళ్ళలో ఒకరిద్దరు నన్ను దొంగనుకుని కోప్పడ్డారు. ఓడ ఆయన మాత్రం సముద్రం మీంచి జవాబిచ్చాడు. వాళ్ళది వేరే శాఖట, ఈవిడ ఎవరో తెలియదట, అయినా ఆ ఇంటిపేరువాళ్ళందరికీ ఉన్న గ్రూపులో పెడతానన్నాడు. వారం తిరక్కుండా అన్నగారే ఫోను చేశాడు.

చెప్పాను. అవతల ఎక్కడో కోడి కూసింది. తరవాత, ఎక్కడ పెట్టారు, ఫోటో పంపుతారా, అని అడిగాడు. పెట్టలేదనీ, కాల్చారనీ, అస్థికలు గోదావరిలో కలిపారనీ చెప్పాను. ఇంగ్లీషులో ఆ మాటలు ఎంత కటువుగా ఉంటాయో ఆ రోజే తెలిసింది. "అప్పుడు అత్తగారు దగ్గర ఉన్నారా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. "సరే," అన్నాడు.

ఆ తరవాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ళమ్మకి గుండె బాగా లేదు. రెండు ఆదివారాలుగా కూతురి ఫోను లేదని తిండి మానేసింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. "మీరు టీచరుగారు. మీరు చెబితే నమ్ముతుంది. ఫోను పాడైందనీ, పని మీద వేరే ఊరు వెళ్ళిందనీ ఒక్కసారి చెప్పండి. నేను మా భాషలో చెప్తాను."

ఒప్పుకున్నాను. కాదనడానికి నాకేం హక్కుంది.

ఆదివారం సాయంత్రం వాళ్ళ వసారాలో కూర్చున్నాం. దండ వేసిన ఫోటో ముందే తీసి బీరువాలో పెట్టాను. మామ్మగారికి రెండుసార్లు చెప్పాను. "వాళ్ళమ్మగారికి తెలీదండి. మీరు ఏడవకూడదండి."

"ఏడవనండి," అన్నారు. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని కూర్చున్నారు.

ఫోన్లో ముందు అన్నగారు కనిపించాడు. తరవాత ఫోను అటు తిప్పాడు. వెదురు కుర్చీలో ఒక ముసలావిడ, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉంది. గుండ్రటి మొహం. నేను ఇంగ్లీషులో నమస్కారం చెప్పి మొదలుపెట్టబోయాను. ఆవిడ నన్ను చూడలేదు. నా భుజం వెనక ఉన్న మామ్మగారినే చూస్తోంది. మామ్మగారూ ఆవిడనే చూస్తున్నారు.

మామ్మగారు ఏడవలేదు. నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. ఫోను అలా పట్టుకోవడం ఆవిడకి కొత్త. రెండు చేతుల్తో పళ్ళెంలా పట్టుకుని లేచి లోపలికి నడిచారు.

"ఇదిగోండి, ఇది వంటిల్లండి. ఇక్కడే నిలబడి వండేదండి. ఈ పీట పొట్టిగా ఉందని దీని మీద ఇంకో చెక్క కొట్టించేం. ఇదండీ మంచం. గాలి రాదంటే ఇటు జరిపించేను. ఇవి దాని చెప్పులు. ఇదండి, మీరు పంపిన దుప్పటి."

అటువైపు ముసలావిడ కుర్చీలోంచి లేచి ఫోనుకి దగ్గరగా వచ్చింది. ఒక్కో వస్తువు దగ్గర ఏదో అనేది. మామ్మగారు, "అవునండి, అదేనండి," అనేవారు. దుప్పటి దగ్గర ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. మామ్మగారు ఆగి, దుప్పటి అంచు మడత విప్పి దగ్గరగా చూపించారు. ఆవిడ ఆ అంచునే చాలాసేపు చూసింది. తరవాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. అన్నగారు అనువాదం చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

చెప్పవలసిన అబద్ధం ఇంగ్లీషులో వరసగా పేర్చుకుని, గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎప్పుడు అడిగితే అప్పుడు చెప్పాలి. సాయంత్రం పోయి లైట్లు వేసేదాకా అలాగే నిలబడి ఉన్నాను. కూతురు ఏదని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.